బాలానగర్ షెడ్‌కి వెబ్‌సైట్ ఎందుకు, ఎంతలో, ఎవరి పేరు మీద?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బాలానగర్‌లో మీ నాన్నగారికి హోటల్ కిచెన్ సామాను తయారుచేసే షెడ్ ఉంది. ఇడ్లీ స్టీమర్లు, దోశ భట్టీలు, ఎగ్జాస్ట్ హుడ్‌లు, సింకులు, వర్క్ టేబుళ్ళు చేస్తారు. గిరాకీ చాలావరకు నోటి మాట మీద వస్తుంది, కొంత ఇండియామార్ట్ అనే డైరెక్టరీ సైట్ నుంచి. ఇన్‌స్టా పేజీ మీరు చూసుకుంటున్నారు, రీల్స్‌కి వ్యూస్ బాగానే ఉన్నాయి. మాదాపూర్‌లో ఒక ఏజెన్సీ వెబ్‌సైట్‌కి 85,000 కొటేషన్ ఇచ్చింది. నాన్నగారేమో "అందరి దగ్గర నా నంబరుంది, ఇంకా ఇదెందుకు బిడ్డా" అంటున్నారు. చేయించాలా, వద్దా?

చేయించండి. అయితే ఏజెన్సీ చెప్పిన కారణం వేరు, నేను చెప్పే కారణం వేరు. ఆ రేటు మాత్రం వద్దు.

ఆమీర్‌పేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని చాలా ఏళ్ళుగా చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేస్తున్నాను. నాలాంటివాడు "అందరికీ వెబ్‌సైట్ కావాలి" అంటాడని అనుకుంటారు కాబట్టి ముందే చెబుతున్నాను, అందరికీ అక్కర్లేదు. వీధి చివర టిఫిన్ సెంటర్, కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, టైలర్ షాపు, వీళ్ళ గిరాకీ రెండు మూడు కిలోమీటర్ల లోపలే ఉంటుంది. వాళ్ళకి గూగుల్ మ్యాప్స్‌లో సరైన టైమింగ్స్, సరైన ఫోన్ నంబరు, పది మంచి ఫొటోలు ఉంటే చాలు. అక్కడ ఒక్క పైసా ఖర్చు లేదు. లాడ్ బజార్‌లో గాజులు అమ్మే ఆయన వెబ్‌సైట్ గురించి అడిగినా ముందు మ్యాప్స్ లిస్టింగ్ సరిచేసుకోమనే చెబుతాను.

మీది ఆ రకం వ్యాపారం కాదు. మీ దగ్గర ఒక్కో ఆర్డరు లక్షల్లో ఉంటుంది. కొనేవాడు ఒక్కసారి కొంటే మళ్ళీ ఏళ్ళకి గానీ కొనడు. కొనేముందు నలుగురిని అడుగుతాడు, రెండు మూడు కొటేషన్లు తెప్పించుకుంటాడు. అడ్వాన్సు ఇవ్వాలి, సామాను తయారయ్యేదాకా ఆగాలి. అంటే మీ మీద నమ్మకం పెట్టాలి. అతను ఆ నమ్మకాన్ని ఎక్కడ వెతుక్కుంటాడో చూడండి.

నిజామాబాద్‌లో కొత్తగా హోటల్ పెడుతున్న ఒకతను ఉన్నాడనుకుందాం. కూకట్‌పల్లిలో తెలిసిన హోటల్ ఓనరు "ఫలానా బాలానగర్ ఆయన దగ్గర చేయించాను, బాగా చేశాడు" అని మీ నాన్నగారి నంబరు ఇచ్చాడు. ఇక్కడివరకు నాన్నగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, నంబరు చేరింది. కానీ ఈ రోజుల్లో ఎవరైనా ఆ నంబరుకి వెంటనే ఫోన్ చేస్తున్నారా? ముందు షెడ్ పేరు గూగుల్‌లో కొడతాడు. ఇప్పుడు మీరూ మీ ఫోన్‌లో కొట్టి చూడండి. మ్యాప్స్‌లో షట్టరు ఫొటో ఒకటి కనిపిస్తుంది, అదీ ఎవరో దారిన పోయేవాళ్ళు పెట్టింది. కింద డైరెక్టరీ సైట్లలో మీ పేరుతో పేజీలుంటాయి, వాటి పక్కనే మీ పోటీదారుల నంబర్లూ ఉంటాయి. అక్కడ "బెస్ట్ ప్రైస్" బటన్ నొక్కితే అదే ఎంక్వయిరీ ఇంకొందరు సప్లయర్లకూ వెళుతుంది. వాళ్ళ వ్యాపారమే అది, నేను తప్పు పట్టడం లేదు. కానీ మీ పేరు వినీ, మీ కోసమే వెతుక్కుంటూ వచ్చిన మనిషిని మీరే తీసుకెళ్ళి పోటీదారుల మధ్యలో నిలబెడుతున్నారు.

మీ వెబ్‌సైట్ చేయాల్సిన మొదటి పని ఇదే. పేరు విన్నవాడు వెతికినప్పుడు పైన మీ పేజీ కనపడాలి. అందులో మీ పని కనపడాలి. "అవును, ఇతని దగ్గరే అడుగుదాం" అనుకుని అతను కాల్ బటన్ నొక్కాలి. ముక్కూమొహం తెలియని కొత్త గిరాకీని తేవడం రెండో సంగతి, అది ఆలస్యంగా వస్తుంది, కొంచెమే వస్తుంది. ఏజెన్సీలు ఈ రెండో దాన్నే ముందు పెట్టి అమ్ముతాయి, ఎందుకంటే "లీడ్స్" (కొత్త ఎంక్వయిరీలు) అనే మాటకు రేటు ఎక్కువ.

ఇంకో రకం గిరాకీ కూడా మీకు ఉంది, దాని గురించి నాన్నగారితో తప్పకుండా మాట్లాడండి. ఆసుపత్రి క్యాంటీన్లు, కాలేజీ హాస్టళ్ళు, గచ్చిబౌలి వైపు కంపెనీల కెఫెటేరియాలు. అక్కడ కొనేది ఓనరు కాదు, పర్చేజ్ డిపార్ట్‌మెంట్. ఆ ఉద్యోగి మూడు కొటేషన్లు ఫైల్లో పెట్టి పైవాళ్ళ సంతకం తీసుకోవాలి. రేపు సామానులో తేడా వస్తే "ఇతన్ని ఎందుకు ఎంచావు" అని అతన్నే అడుగుతారు. అందుకే అతను తన జాగ్రత్తలో తానుంటాడు. వెండర్ రిజిస్ట్రేషన్ ఫారంలో జీఎస్టీ నంబరు, బ్యాంకు వివరాలతో పాటు వెబ్‌సైట్ అనే గడి కూడా ఉంటుంది. అది ఖాళీగా వదిలేసి, కొటేషన్ జీమెయిల్ ఐడీ నుంచి పంపితే ఎవరూ మొహం మీద తిరస్కరించరు. మిగతా ఇద్దరివీ కంపెనీ పేరుతో మెయిల్స్ ఉండి, మీదొక్కటే వేరేగా ఉంటే మాత్రం ఆ తేడా పనిచేస్తుంది. మీ పేరుతో డొమైన్ (అంటే సైట్ అడ్రసు పేరు) కొంటే "సేల్స్" అనో "ఇన్ఫో" అనో ఆ పేరుతోనే మెయిల్ పెట్టుకోవచ్చు. నిజం చెప్పాలంటే కొందరికి సైట్ కన్నా ఈ మెయిల్ వల్లే ఎక్కువ లాభం.

ఇక ఇన్‌స్టా సంగతి. మానేయమని అనను, మీ రీల్స్ బాగున్నాయంటున్నారు, కొనసాగించండి. కానీ ఆ పేజీ మీది కాదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను కేంద్రం నిషేధించినప్పుడు, దాని మీదే ఫాలోవర్లను పోగేసుకున్న చిన్న వ్యాపారులు తెల్లారేసరికి మొదటికి వచ్చారు. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆరు గంటలకు పైగా ఆగిపోయాయి. ఆ రాత్రి వాట్సాప్‌లోనే ఆర్డర్లు తీసుకునేవాళ్ళ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. అన్నిటికన్నా మీకు పనికొచ్చే ఉదాహరణ మూడోది. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకున్నవాళ్ళకి ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైట్ ఇచ్చేది. మన దగ్గర చాలా షాపులవాళ్ళు అదే చాలనుకుని ఆ అడ్రసునే విజిటింగ్ కార్డుల మీద, బోర్డుల మీద రాయించుకున్నారు. 2024 మార్చిలో గూగుల్ ఆ సైట్లన్నీ మూసేసింది. జూన్ 10 వరకు ఆ అడ్రసు కొట్టినవాళ్ళని ప్రొఫైల్‌కి మళ్ళించింది, ఆ తర్వాత అదీ లేదు. కార్డులు జేబుల్లో మిగిలాయి, అడ్రసు పోయింది. గూగుల్ అంత సంస్థే ఇచ్చిన ఉచిత అడ్రసుకి దిక్కులేనప్పుడు మన సొంత పేరు మన చేతిలో ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

రీల్‌తో ఇంకో చిక్కు. మీరు పోయిన ఏడాది పెట్టిన స్టీమర్ వీడియో ఇవాళ వెతుక్కునేవాడికి అంత తేలిగ్గా దొరకదు. ఇన్‌స్టాలో నిన్నటిది కిందికి పోతుంది. వెబ్‌సైట్‌లో ఒక పేజీ రాస్తే మూడేళ్ళ తర్వాత కూడా అదే అడ్రసులో ఉంటుంది. వాట్సాప్‌లో ఎవరైనా అడిగితే లింక్ పంపేస్తే సరి. ఇప్పుడు కొందరు గూగుల్ బదులు చాట్‌జీపీటీ లాంటివాటిని అడుగుతున్నారు కదా, అవి కూడా వెతికేది ప్రధానంగా వెబ్‌లో రాసిపెట్టి ఉన్న మాటలనే.

సైట్‌లో ఏం పెట్టాలి అన్నదే అసలు విషయం, ఏజెన్సీ కొటేషన్‌లో ఒక్క లైను కూడా లేనిదీ ఇదే. వాళ్ళు "ప్రీమియం డిజైన్, 10 పేజీలు, స్లైడర్, యానిమేషన్" అని రాస్తారు. లోపల మాటలు ఎవరు రాయాలో రాయరు. చివరికి "మేము నాణ్యతకు కట్టుబడి ఉన్నాము, వినియోగదారుల సంతృప్తే మా లక్ష్యం" అని నింపి ఇస్తారు. పేరు మార్చేస్తే ఆ పేజీ పైపుల కంపెనీకీ సరిపోతుంది, పాల డెయిరీకీ సరిపోతుంది.

మీరు ఒక పని చేయండి. ఒక వారం షెడ్‌లో నాన్నగారి పక్కన కూర్చుని, ఫోన్‌లో గిరాకీ అడిగే ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. అటువైపు మాట వినపడకపోయినా నాన్నగారి జవాబును బట్టి ప్రశ్న తెలిసిపోతుంది. నా అనుభవంలో కిచెన్ సామాను వాళ్ళకి తిరిగి తిరిగి అవే ప్రశ్నలు వస్తాయి. రోజుకి ఎన్ని ఇడ్లీలకు ఏ సైజు స్టీమర్? గ్యాస్‌దా, కరెంటుదా? షీట్ మందం 16 గేజా, 18 గేజా? స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304 గ్రేడ్ వేస్తారా, 202 వేస్తారా? వరంగల్‌కి ట్రాన్స్‌పోర్టు ఎవరిది? ఫిటింగ్‌కి మనిషి వస్తాడా? వెల్డింగ్ ఊడితే ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్నల్లో ఒక్కదాన్ని తీసుకుని చూపిస్తాను, పేజీ అంటే ఏమిటో తెలుస్తుంది. "304 అని చెప్పి 202 వేస్తారేమో, ఎలా తెలుస్తుంది?" ఇది ప్రతివాడి మనసులోనూ ఉంటుంది, సగం మంది మొహమాటానికి అడగరు. చాలామంది అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందనుకుంటారు. మీ నాన్నగారికి తెలుసు, అలా తేలదు. 304కీ, 202కీ మామూలుగా రెండింటికీ అయస్కాంతం అంటుకోదు. పైగా వంచినచోట, వెల్డింగ్ దగ్గర 304కి కూడా కాస్త పట్టవచ్చు. అసలు తేడా లోపలి లోహంలో ఉంది. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి ఆ మేరకు మాంగనీస్ పెంచుతారు, అందుకే చవక. ఉప్పు, పులుపు, ఆవిరి రోజూ తగిలేచోట 202 ముందుగా మచ్చలు పడుతుంది. తేల్చుకోవాలంటే షీట్ కొన్న బిల్లు, మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ చూడాలి, లేదా కెమికల్ చుక్క వేసి చూడాలి. ఇదే మాట నాన్నగారు చెప్పినట్టే రాయండి. కింద "మేము సింకులకి, స్టీమర్ లోపలి భాగాలకి 304 వేస్తాం, టేబుల్ కాళ్ళకి అడిగితే 202 వేస్తాం, రేటు తేడా ఇంత, బిల్లు మీద ఏ గ్రేడో రాసిస్తాం" అని పెట్టండి. మీరు నిజంగా ఏది చేస్తారో అదే రాయాలి సుమా. ఈ ఒక్క పేజీ చదివినవాడికి మీ మీద కలిగే నమ్మకం స్లైడర్ బొమ్మలు వంద పెట్టినా రాదు.

గేజ్ గురించి కూడా ఒక చిన్న పేజీ ఉండాలి. గేజ్ నంబరు పెరిగేకొద్దీ షీట్ పలచబడుతుందని కొత్తగా హోటల్ పెట్టేవాళ్ళలో చాలామందికి తెలియదు. 16 గేజ్ అంటే దాదాపు 1.5 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2 మిల్లీమీటర్లు. తెలియక "పద్దెనిమిదే వేయండి, పెద్దది కదా" అనేవాళ్ళూ ఉంటారు. రేటు తక్కువ వేసిన పోటీదారు ఏ గేజ్‌కి వేశాడో చూసుకోవడం మీ పేజీ వాళ్ళకి నేర్పిస్తే, ఆ బేరంలో మీరు సగం గెలిచినట్టే.

ప్రతి వస్తువుకీ కొలతలు, ఎన్ని ప్లేట్లు, ఏ గ్రేడ్, ఏ గేజ్, తయారీకి ఎన్ని రోజులు అన్నవి రాయండి. రేటు పెట్టాలా వద్దా అని అడుగుతారు. కచ్చితమైన రేటు పెట్టలేరు, స్టీల్ రేటు మారుతూ ఉంటుంది. "ఇంత నుంచి మొదలు" అని పెట్టవచ్చు. ఊరికే రేట్లు అడిగి వదిలేసే ఫోన్లు దాంతోనే తగ్గిపోతాయి.

ఫొటోలకి స్టూడియో అక్కర్లేదు, మంచి ఫోన్ చాలు. కానీ స్టీల్ ఫొటో తీయడం కొంచెం తలనొప్పి. బఫింగ్ చేసిన పలక అద్దంలా ఉంటుంది, తీసేవాడి బొమ్మ, చేతిలో ఫోన్‌తో సహా, సింకులో కనపడుతుంది. ఎదురుగా నిలబడకుండా కాస్త పక్కనుంచి తీయండి. పొద్దున షట్టరు ఎత్తగానే, ఎండ నేరుగా పడకముందే తీయండి. నీలం ప్లాస్టిక్ ఫిల్మ్ ఊడదీశాకే తీయండి. కొలత తెలియడానికి పక్కన టేపు పెట్టండి. అన్నిటికన్నా విలువైనది, సామాను బిగించాక నడుస్తున్న హోటల్ వంటగదిలో తీసిన ఫొటో, ఆవిరితో, మనుషులతో. హోటల్‌వాళ్ళని ఒక్క మాట అడిగి, వాళ్ళు సరేనంటే వాళ్ళ పేరు కూడా రాయండి. నెట్‌లో దొరికే విదేశీ కిచెన్ల బొమ్మలు మాత్రం వద్దు. మన హోటల్‌వాళ్ళు మొదటి చూపులోనే పట్టేస్తారు.

భాష సంగతి. పర్చేజ్ ఆఫీసర్లకి ఇంగ్లిష్ కావాలి, జిల్లాల నుంచి వచ్చే హోటల్ ఓనర్లకి తెలుగు బాగుంటుంది. రెండూ పెట్టండి. తెలుగు పేజీ మెషీన్ అనువాదంతో కానిచ్చేయకండి, నాన్నగారు మాట్లాడినట్టు రాస్తే చాలు. డీటీపీ షాపులో అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో కొట్టించిన బ్రోచరు ఉంటే ఆ మ్యాటర్ అలాగే సైట్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి. డొమైన్ పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే తీసుకోండి. తెలుగు లిపిలో "డాట్ భారత్" పేర్లు కూడా దొరుకుతాయి, సంతోషమే, కానీ ఫారాల్లో, మెయిల్‌లో ఇంకా ఇబ్బంది పెడతాయి.

ఇప్పుడు డబ్బులు. డాట్ కామ్ డొమైన్ ఏడాదికి వెయ్యి రూపాయలు అటూఇటూ. డాట్ ఇన్ కాస్త తక్కువ, దాన్ని నిక్సీ అనే మన దేశపు సంస్థ నడుపుతుంది. మొదటి ఏడాది 199 అని ఊరిస్తారు, రెన్యూవల్ రేటు చూసుకుని కొనండి. మీలాంటి సైట్‌కి హోస్టింగ్, అంటే సైట్ ఫైళ్ళు ఉంచే సర్వర్ అద్దె, ఏడాదికి మూడు నుంచి ఆరు వేలు చాలు. ఎనిమిది, పది పేజీల సైట్ వర్డ్‌ప్రెస్ అనే సైట్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో చేయడానికి మన హైదరాబాద్‌లో 20,000 నుంచి 35,000 మధ్య మంచి మనిషి దొరుకుతాడు, ఫొటోలు, మాటలు మీరే ఇస్తే. దాని మీద బిల్లు ఇచ్చేవాళ్ళు 18 శాతం జీఎస్టీ వేస్తారు, మీకు రిజిస్ట్రేషన్ ఉంటుంది కాబట్టి కట్టిన జీఎస్టీని మీ పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ సంగతి మీ అకౌంటెంట్‌ని అడగండి. 5,000కి చేసిస్తాం అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళు వేరేవాళ్ళ సైట్‌కి మీ పేరు తగిలించి ఇస్తారు, రెండో ఏడాది ఫోన్ ఎత్తరు.

85,000 కొటేషన్ మీరు పెట్టిన వివరాలను బట్టి చూస్తే అందులో సగం "గూగుల్ ఫస్ట్ పేజ్ గ్యారంటీ"కి, సోషల్ మీడియా పోస్టులకి పోతోంది. మొదటి స్థానం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసింది. ఇచ్చేవాళ్ళు చేసే తమాషా ఏమిటంటే, ఎవరూ వెతకని మాటలకి మొదట వచ్చేలా చేసి స్క్రీన్‌షాట్ పంపిస్తారు. మీ షెడ్ పేరుతో వెతికితే మీ సైట్ కొద్ది వారాల్లో ఎలాగూ పైకి వస్తుంది, దానికి డబ్బు కట్టక్కర్లేదు. "కమర్షియల్ కిచెన్ ఎక్విప్‌మెంట్ హైదరాబాద్" లాంటి పెద్ద మాటకి పోటీ ఎక్కువ, ఏళ్ళు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు కూడా. మధ్యలో ఉన్నవే మీకు అందేవి: "108 ఇడ్లీల స్టీమర్ కొలతలు", "304, 202 తేడా", "టిఫిన్ సెంటర్‌కి ఏమేం సామాను కావాలి". ఆ ప్రశ్నలకి నిజమైన జవాబు రాసినవాళ్ళు తక్కువ.

సాంకేతిక విషయాలు తొందరగా చెప్పేస్తాను. సైట్ ఫోన్‌లో బాగుండాలి, కంప్యూటర్‌లో ఎలా ఉన్నా ఫర్వాలేదు. కాల్ బటన్, వాట్సాప్ బటన్ ప్రతి పేజీలోనూ కింద ఉండాలి. అడ్రసు ముందు హెచ్‌టీటీపీఎస్ (https, కనెక్షన్ భద్రంగా ఉందనే గుర్తు) ఉండాలి, లేకపోతే క్రోమ్ "నాట్ సెక్యూర్" అని చూపిస్తుంది, 2018 జూలై నుంచి ఇదే పద్ధతి. దానికి కావలసిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు ఉచితంగా ఇస్తారు, దానికి విడిగా వేలు అడిగితే ఎందుకని నిలదీయండి. ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది, తగ్గించకుండా పెడితే పేజీ తెరుచుకునేలోపు గిరాకీ వెళ్ళిపోతాడు. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం, ఏ మాటలు కొట్టినవాళ్ళు మీ సైట్‌కి వచ్చారో చూపిస్తుంది. మ్యాప్స్ ప్రొఫైల్, సైట్, బిల్లు, బోర్డు అన్నిట్లో పేరు, అడ్రసు, నంబరు ఒకేలా ఉండాలి. ఆన్‌లైన్‌లో పేమెంట్, కార్ట్ లాంటివి మీకు వద్దు, ప్రతి ఆర్డరూ కొలత తీసుకుని చేసేదే కదా. రేపు గరిటెలు, ప్లేట్లు అమ్మాలనిపిస్తే అప్పుడు 2020 ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి, ఫిర్యాదులు చూసే అధికారి పేరు, రిటర్న్ పద్ధతి సైట్‌లో పెట్టాలి. పేమెంట్ గేట్‌వే వాళ్ళకి మామూలుగా రెండు శాతం దాకా పోతుంది, దాని మీద జీఎస్టీ. ఇప్పుడు దాని జోలికి పోకండి.

ఖర్చు తిరిగి వస్తుందా అంటే, లెక్క నాన్నగారి దగ్గరే ఉంది. నాలుగు లక్షల ఆర్డరు మీద ఖర్చులన్నీ పోను పది శాతం మిగిలితే 40,000. అంటే సైట్ చూసి ధైర్యం చేసిన ఒక్క గిరాకీ వస్తే మొదటి ఏడాది ఖర్చు దాదాపు తీరిపోయినట్టే. ఆ తర్వాత ఏడాదికి నాలుగు నుంచి ఏడు వేలే. వచ్చిందో లేదో తెలియాలంటే ప్రతి కొత్త ఫోన్‌కీ "మా గురించి ఎక్కడ తెలిసింది, ఆన్‌లైన్‌లో చూశారా" అని అడిగి ఆర్డరు బుక్‌లో ఒక మూల రాసుకోండి. చాలామంది "ఫలానా ఆయన చెప్పాడు, తర్వాత సైట్ చూశాను" అంటారు. నాన్నగారి నోటి మాటా, మీ సైటూ రెండూ కలిసి తెచ్చిన ఆర్డరు అది. ఆయన్ని ఒప్పించాలంటే వాదన పెట్టుకోకండి. ఆయన ఫోన్‌లోనే షెడ్ పేరు కొట్టి ఏం వస్తుందో చూపించండి, ఆ పోటీదారుల నంబర్లు చూశాక ఆయనే మాట్లాడతారు.

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. డొమైన్ మీ పేరు మీద, మీ మెయిల్‌తో, మీ డబ్బుతో మీరే కొనండి. ఏజెన్సీ "మేమే కొనిస్తాం, ఫ్రీ" అంటుంది, వద్దనండి. నా దగ్గరకొచ్చే కేసుల్లో బాధ కలిగించేవి ఇవే. నాచారం వైపు ఒక ప్యాకేజింగ్ వ్యాపారి వచ్చాడు. సైట్ చేసిన కుర్రాడు తన సొంత మెయిల్‌తో డొమైన్ కొన్నాడు, తర్వాత ఉద్యోగం వచ్చి ఊరు మారాడు, నంబరూ మారింది. రెన్యూవల్ నోటీసులన్నీ ఆ పాత మెయిల్‌కే వెళ్ళాయి. డాట్ కామ్ గడువు దాటితే కొన్నాళ్ళు మామూలు రేటుకే పునరుద్ధరించుకోవచ్చు, ఆ తర్వాత 30 రోజులు భారీ రుసుముతో, ఆపైన ఇంకో ఐదు రోజులు గడిచాక ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈయనకి తెలిసేసరికి అన్ని గడువులూ దాటిపోయాయి, ఆ పేరుతో వేరే ఎవరిదో పేజీ నడుస్తోంది. డబ్బాల మీద అచ్చేసిన అడ్రసు, కస్టమర్లకి ఇచ్చిన మెయిల్ ఐడీలు అన్నీ దాంతోపాటే పోయాయి. మళ్ళీ కొత్త పేరు, కొత్త కార్డులు.

అందుకని ఐదేళ్ళకి ఒకేసారి కట్టేయండి, డాట్ కామ్‌కి పదేళ్ళ దాకా కట్టవచ్చు. ఆటో రెన్యూవల్ పెట్టండి, అయినా క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే కార్డు గడువు తీరితే ఆటో రెన్యూవల్ పనిచేయదు. పాస్‌వర్డు మీ దగ్గరా, నాన్నగారి దగ్గరా ఉండాలి. హోస్టింగ్ కూడా మీ ఖాతాలోనే ఉంటే మంచిది, సైట్ చేసేవాళ్ళకి పని జరిగినన్నాళ్ళు లాగిన్ ఇచ్చి తర్వాత మార్చేయవచ్చు.

ఎవరి దగ్గర చేయించినా కొటేషన్‌లో ఈ నాలుగు మాటలు రాయించుకోండి: డొమైన్ ఎవరి పేరు మీద, హోస్టింగ్ లాగిన్ ఎవరి దగ్గర, సైట్ ఫైళ్ళ బ్యాకప్ ఎప్పుడు ఇస్తారు, రెండో ఏడాది ఎంత. రాసివ్వడానికి నసిగితే వదిలేయండి, ఆమీర్‌పేటలో సైట్లు చేసేవాళ్ళకి కొదవ లేదు.